తెర మీద అతుకు

క్యాడ్ బొమ్మలో ప్లేట్లు, పైపులు అచ్చుగుద్దినట్టు దిగుతాయి. వెల్డు మాత్రం నకిలీదని ఇట్టే దొరికిపోతుంది. లోహం కరిగి గట్టిపడే వరస తెలిస్తే ఆ లోటు తీర్చడం కష్టమేమీ కాదు.

క్యాడ్‌లో గీసిన ఇనుప చట్రం ఎంత కొలత ప్రకారం ఉన్నా, రెండు ప్లేట్లు కలిసే మూల దగ్గరికొచ్చేసరికి తేలిపోతుంది. ప్లేటు మందం, బోల్టు మర, పైపు వంపు అన్నీ అసలు వస్తువును తలపిస్తాయి. అతుకు ఒక్కటే తలపించదు. చాలా బొమ్మల్లో అక్కడ వెల్డు ఊసే ఉండదు. ఏ ఆధారమూ లేకుండా ప్లేటుకు ప్లేటు ఆనుకుని నిలబడి ఉంటుంది. వెల్డు ఉన్న బొమ్మల్లోనూ మూలలో నున్నటి కడ్డీ పెట్టి వదిలేసినట్టు ఉంటుంది.

కారణం క్యాడ్ స్వభావంలోనే ఉంది. సమతలం, స్తూపం, గోళం, శంకువు లాంటి ఆకారాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. ప్లేటును కోసేది, పైపును వంచేది, రంధ్రం పొడిచేది యంత్రాలే కాబట్టి ఆ భాగాలన్నీ ఈ ఆకారాల్లో ఒదిగిపోతాయి. వెల్డును ఎవరూ కోయరు, చెక్కరు. కరిగిన లోహం తన బరువుకు, తలతన్యతకు, వెల్డర్ చేతి కదలికకు లోబడి ఎలా గట్టిపడితే అదే దాని ఆకారం.

షాపులో పనిచేసేవాళ్లకు ఆ ఆకారం గీసి చూపాల్సిన అవసరం లేదు. డ్రాయింగులో ఒక బాణం గీత, దాని మీద చిన్న త్రికోణం, పక్కన కొలత ఉంటే ఆ మూలలో ఎంత ఫిల్లెట్ వెల్డు కొట్టాలో వెల్డర్‌కు అర్థమైపోతుంది. ఈ గుర్తులను మన దేశంలో ఐఎస్ 813, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 2553, అమెరికాలో ఏడబ్ల్యూఎస్ ఏ2.4 ప్రమాణాలు ఖరారు చేశాయి. అచ్చమైన వెల్డు కావాల్సింది కంటితో చూసి నిర్ణయించేవాళ్లకు. ఉత్పత్తి క్యాటలాగులు, కొనుగోలుదారుకు ముందే చూపే బొమ్మలు, వెల్డింగ్ తనిఖీ శిక్షణ పాఠాలు, సినిమాలు, వీడియో గేములు, త్రీడీ ప్రింటింగ్ నమూనాలు ఈ కోవలోకి వస్తాయి. టైటానియం సైకిల్ ఫ్రేము, స్టెయిన్‌లెస్ సైలెన్సర్ లాంటి వాటిలోనైతే కొనేవాడి చూపు మొదట పడేది వెల్డు మీదే.

వెల్డు మీద కనిపించే ప్రతి గీతా పని జరిగిన వరసకు సాక్ష్యం. ఆ వరసను అనుసరించి గీసిన నమూనాను కన్ను నమ్ముతుంది. పైపైన నగిషీలా అద్దినదాన్ని నమ్మదు.

మడుగు వెనక మిగిలే గీతలు

ఆర్క్ కింద కరిగిన లోహం చిన్న మడుగులా ఉంటుంది. వెల్డర్ జరిగేకొద్దీ మడుగు ముందు అంచు కొత్త లోహాన్ని కరిగిస్తుంటే, వెనక అంచు చల్లబడి గడ్డకడుతుంది. ఈ గడ్డకట్టడం ఒకే వేగంతో సాగదు. ఆర్క్ వేడిలో హెచ్చుతగ్గులు, మడుగు ఊగడం, టిగ్ పద్ధతిలో ఫిల్లర్ రాడ్డును మడుగులో ముంచి తీయడం వల్ల ఆగి ఆగి సాగుతుంది. ఆగిన ప్రతిచోటా వెనక అంచు ఆకారం గీతగా మిగిలిపోతుంది. అలా గట్టిపడిన లోహపు పట్టీని బీడ్ అంటారు, దాని మీద వరసగా కనిపించే నెలవంక అలలు అవే.

ఈ అలలకు దిశ ఉంటుంది. నెలవంక ఉబ్బు ఎప్పుడూ వెల్డు మొదలుపెట్టిన వైపే ఉంటుంది. చివరి మడుగు మాత్రం పూర్తి గుండ్రంగా కనిపిస్తుంది, దాని మీద మరొకటి పడలేదు కాబట్టి. పక్కకు వాల్చిన నాణేల దొంతరలో చివరి నాణెం ఒక్కటే నిండుగా కనిపించి, మిగతావి అంచులు మాత్రమే చూపించినట్టు ఉంటుంది ఆ అమరిక. వెల్డర్ మెల్లగా జరిగితే మడుగు గుండ్రంగా, అలలు విల్లు వంపుగా ఉంటాయి. వేగం పెరిగితే మడుగు తోక సాగి కన్నీటి చుక్క ఆకారంలోకి మారుతుంది, అలల మధ్యభాగం కొసదేలుతుంది.

పద్ధతిని బట్టి రూపం మారుతుంది. టిగ్ బీడ్‌లో అలలు ఎడంగా, స్పష్టంగా ఉంటాయి. మిగ్ బీడ్‌లో తీగ ఆగకుండా కరుగుతుంది కాబట్టి అలలు దగ్గరగా, సన్నగా ఉంటాయి. చుట్టూ లోహపు చిందులు పడతాయి, ఉక్కు మీదైతే అక్కడక్కడ గాజులాంటి గోధుమ రంగు సిలికాన్ మచ్చలు మిగులుతాయి. గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లో వాడే రాడ్డు వెల్డింగులో బీడ్ మీద స్లాగ్ పొర కడుతుంది. సుత్తితో కొట్టి దాన్ని రాల్చాకే అలలు బయటపడతాయి, అంచుల వెంట మాత్రం నల్లటి స్లాగ్ ఇరుక్కుని ఉంటుంది. ఫ్లక్స్ పొడి కింద ఆర్క్ దాగి ఉండే సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ పద్ధతిలో బీడ్ వెడల్పుగా, నున్నగా వస్తుంది. బొమ్మ గీసే ముందు ఏ పద్ధతిలో అతికిన వస్తువో తేల్చుకోకపోతే మిగతా శ్రమంతా వృథా.

మూలలో కడ్డీ పెడితే ఎందుకు తప్పు

6 మి.మీ. మందం గల రెండు ప్లేట్లు తలకిందులైన టీ ఆకారంలో కలిశాయనుకుందాం. కింది ప్లేటు 150 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు. నిలువు ప్లేటు అంతే పొడవు, 60 మి.మీ. ఎత్తు. మూలలో 6 మి.మీ. ఫిల్లెట్ వెల్డు. అంటే మూల నుంచి ఒక్కో ప్లేటు మీదికి బీడ్ 6 మి.మీ. మేర పాకుతుంది. ఆ కొలతను లెగ్ అంటారు. మూల నుంచి బీడ్ ముఖానికి ఉండే అతి తక్కువ దూరం థ్రోట్. రెండు లెగ్‌లు సమానంగా ఉండి ముఖం చదునుగా ఉంటే థ్రోట్ లెగ్‌లో 0.707 వంతు, ఇక్కడ సుమారు 4.2 మి.మీ. ముఖం వెడల్పు 8.5 మి.మీ. దాకా వస్తుంది.

చాలామంది చేసే మొదటి పని ఈ వెడల్పునే వ్యాసంగా తీసుకుని ఒక వృత్తాన్ని మూల వెంట నడిపించడం. అప్పుడు బీడ్ చదును ముఖం కంటే 4.2 మి.మీ. పైకి ఉబ్బుతుంది. వెల్డు నాణ్యతను బీ, సీ, డీ స్థాయిలుగా విభజించే ఐఎస్ఓ 5817 ప్రమాణం ఇంత వెడల్పు ఫిల్లెట్‌కు కఠినమైన బీ స్థాయిలో సుమారు 1.85 మి.మీ., సడలింపు ఎక్కువగా ఉండే డీ స్థాయిలో సుమారు 3.1 మి.మీ. ఉబ్బునే అనుమతిస్తుంది. కడ్డీ ఆకారపు బీడ్ ఏ స్థాయిలోనూ పాస్ కాదు. పైగా ఉబ్బు 1.75 మి.మీ. దాటిందంటే బీడ్ అంచు కింది ప్లేటు మీదికి వాలుతుంది. అసలు వెల్డులో అది లోహం సరిగా కరిగి కలవలేదనడానికి గుర్తు. వెల్డింగ్ తెలిసినవాడి కన్ను బొమ్మలో మొదట పట్టేది ఈ వాలునే.

సరైన అడ్డకోత మూడు గీతలతో వస్తుంది: రెండు 6 మి.మీ. లెగ్‌లు, వాటి కొసలను కలిపే కొద్దిపాటి విల్లు. 0.8 మి.మీ. ఉబ్బు కావాలంటే ఆ విల్లు వ్యాసార్ధం 11.65 మి.మీ. పెట్టాలి. టిగ్ బీడ్ ముఖం చదునుగానో, కాస్త లోపలికి వంగో ఉన్నా సహజమే. రాడ్డు వెల్డులో కొద్దిగా ఉబ్బు ఉంటే నప్పుతుంది.

ప్లేటు మందానికి తగ్గ బీడ్ పడటం కూడా ముఖ్యం. ఉక్కు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం, కలిసే ప్లేట్లలో మందమైనది 10 మి.మీ. లోపు ఉంటే ఫిల్లెట్ కనీసం 3 మి.మీ., 10 దాటి 20 వరకు ఉంటే కనీసం 5 మి.మీ. ఉండాలి. బరువైన యంత్రపు పీఠానికి దారంలాంటి బీడ్ గీస్తే బొమ్మ అంతా బొమ్మగానే మిగులుతుంది.

సాఫ్ట్‌వేర్ తనంతట ఇచ్చేది ఎంత

పేరున్న క్యాడ్ ప్యాకేజీల్లో చాలావాటికి వెల్డింగ్ సాధనాలు ఉన్నాయి. సాలిడ్‌వర్క్స్‌లో రెండు దారులున్నాయి. వెల్డ్ బీడ్ అనేది తెర మీద మాత్రమే కనిపించే తేలికపాటి గుర్తు. దానికి ఘనపరిమాణం ఉండదు, కానీ వెల్డు పొడవులు లెక్కగట్టడానికి పనికొస్తుంది. ఫిల్లెట్ బీడ్ అనేది నిజమైన ఘనాకారం. పొడవంతా కానీ, విడివిడి ముక్కలుగా కానీ, రెండు వైపులా ఎదురుబొదురు తప్పించి కానీ వేయవచ్చు.

ఆటోడెస్క్ ఇన్వెంటర్ వెల్డింగ్ షాపులో పని జరిగే వరసనే పాటిస్తుంది. ముందు అంచులు చెక్కి సిద్ధం చేయడం, తర్వాత వెల్డు, ఆపైన మెషినింగ్ అని అసెంబ్లీలో మూడు దశలుంటాయి. వెల్డును కాస్మెటిక్, ఫిల్లెట్, గ్రూవ్ అనే మూడు రకాల్లో వేయవచ్చు. బీడ్ కొసను వేరుగా చూపే ఎండ్ ఫిల్ కూడా ఉంది. సాలిడ్ ఎడ్జ్, క్రియో లాంటి వాటిలోనూ ఇలాంటి ఏర్పాట్లే.

ఇవన్నీ తయారీ లెక్కల కోసం పుట్టినవి. బరువు, పొడవు, ఖర్చు, గుర్తులు బాగా ఇస్తాయి. పైన చెప్పుకున్న టీ అతుకులో ఒక్కో బీడ్ త్రికోణపు అడ్డకోత 18 చదరపు మి.మీ. ఉక్కు సాంద్రతతో లెక్కిస్తే 150 మి.మీ. పొడవుకు సుమారు 21 గ్రాములు, రెండు వైపులా కలిపి 42 గ్రాములు. రెండు ప్లేట్ల బరువు సుమారు 1,130 గ్రాములు. నాలుగు శాతానికి దగ్గరగా వచ్చే ఈ తేడా పెద్ద చట్రాల్లో టన్నుల లెక్కలోకి ఎక్కుతుంది కాబట్టి, ఇంజినీరుకు ఈ సాదా బీడే చాలు. అలలు, మొదలు, చివర, రంగు కావాలంటే చేతిపని తప్పదు.

అల కట్టే పద్ధతి

అలలను ఘనాకారంగా గీయడానికి మొదట తోచే దారి ఒక గోళపు ముక్కను మూల వెంట 2 మి.మీ.కు ఒకటి చొప్పున పేర్చుకుంటూ పోవడం. ఇది పనిచేయదు. ఒకే సైజు గోళాలు రెండు కోసుకుంటే ఆ కోత ఒకే తలంలో పడుతుంది. పై నుంచి చూస్తే బీడ్‌కు అడ్డంగా తిన్నని గీతే కనిపిస్తుంది, నెలవంక రాదు. అలా గీసిన బీడ్ ముడతల రబ్బరు గొట్టంలా ఉంటుంది.

కావాల్సింది నాణెం లాంటి బిళ్ల. దాని అంచు గుండ్రంగా ఉండాలి. పైముఖం బీడ్‌కు అడ్డంగా మాత్రమే వంగాలి, పొడవునా వంపు ఉండకూడదు. ఈ బిళ్లను 45 డిగ్రీల బీడ్ ముఖం మీద ఆనించి, వెనక అంచు పైకి, ముందు అంచు లోపలికి ఉండేట్టు 7 డిగ్రీలు వంచాలి. 2 మి.మీ. ఎడంతో బిళ్లలు పేరిస్తే ప్రతి బిళ్లా తన వెనకదాని కంటే పావు మిల్లీమీటరు ఎత్తులో ఉంటుంది. గుండ్రటి వెనక అంచు మెట్టులా బయటపడుతుంది. అదే నెలవంక. అల ఎత్తు పెంచాలంటే వంపు పెంచాలి, అలలు దగ్గర కావాలంటే ఎడం తగ్గించాలి. ఈ రెండు అంకెలతోనే టిగ్ బీడ్‌ను మిగ్ బీడ్‌గా మార్చేయవచ్చు. వేగంగా లాగిన బీడ్ కావాలంటే వృత్తానికి బదులు సాగిన అండాకారం వాడాలి.

8.5 మి.మీ. బిళ్లను 7 డిగ్రీలు వంచితే వెనక అంచు అర మిల్లీమీటరు లేస్తుంది. అందుకే అడ్డకోత ఉబ్బును ముందుగానే 0.8 నుంచి 0.5 మి.మీ.కు తగ్గించుకోవాలి. ఆ లెక్కన అడ్డ వంపు వ్యాసార్ధం సుమారు 18 మి.మీ. అవుతుంది, అలల కొసల దగ్గర మొత్తం ఉబ్బు సుమారు 1 మి.మీ. ఉంటుంది. బిళ్ల పై అంచును 0.1 మి.మీ. మేర గుండ్రం చేస్తే వెలుగు పడినప్పుడు అల మీద సన్నటి మెరుపు గీత వస్తుంది. పదునైన అంచు వదిలేస్తే లేత్ మీద కోసినట్టు ఉంటుంది.

తిన్నటి అతుకుకు లీనియర్ ప్యాటర్న్, గుండ్రటి పైపు చుట్టూ సర్క్యులర్ ప్యాటర్న్, మెలికలు తిరిగే దారికి కర్వ్ డ్రివెన్ ప్యాటర్న్ వాడాలి. బిళ్లల కింద సాదా బీడ్‌ను గుజ్జులా ఉంచితే సందులు కనిపించవు. బిళ్లలు ప్లేట్లలోకి చొచ్చుకుపోయినా బయటికి కనిపించదు కాబట్టి, వాటిని ప్లేట్లతో ఒకటిగా కలపకుండా వేరే బాడీలుగా ఉంచితే కంప్యూటర్‌కు శ్రమ తగ్గుతుంది.

చేతిపనికి ఉండే తడబాటు

150 మి.మీ. బీడ్‌లో 75 అలలను ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా పేరిస్తే రోబో చేసిన వెల్డులా కనిపిస్తుంది. రోబో వెల్డే గీయాలనుకుంటే అదే సరైనది. మనిషి చేసిన వెల్డులో ఎడం కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇందుకు ఏడు బిళ్లల గుంపును 1.8, 2.1, 2, 2.2 లాంటి ఎడాలతో, ఒకటి రెండింటిని 0.2 మి.మీ. పక్కకు జరిపి గీసుకుని, ఆ గుంపునే పేర్చుకుంటూ పోవాలి. గుంపు మరీ చిన్నదైతే పునరావృతం కంటికి తెలిసిపోతుంది.

మొదలు, చివర తప్పనిసరి. మొదలులో ప్లేటు ఇంకా వేడెక్కకపోవడం వల్ల లోహం బాగా పరచుకోక బీడ్ కాస్త ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. చివర నిండు బిళ్ల మీద చిన్న గుంట పడుతుంది. దాన్ని క్రేటర్ అంటారు. బీడ్‌ను ప్లేటు కొస దాకా సాగదీసి కత్తితో కోసినట్టు ఆపేయడం క్యాడ్ బొమ్మల్లో తరచూ కనిపించే పొరపాటు.

పొడవాటి రాడ్డు వెల్డులో మధ్యలోనూ ఆగిన చోట్లుంటాయి. మన దగ్గర ఎక్కువగా దొరికే 3.15 మి.మీ. రాడ్డు పొడవు సాధారణంగా 350 మి.మీ. అది అయిపోగానే వెల్డర్ ఆగి, కొత్తది బిగించి, పాత క్రేటర్ మీదే మళ్లీ మొదలుపెడతాడు. అక్కడ చిన్న దిబ్బ పడి అలల లయ తెగుతుంది. పైపు చుట్టూ వెల్డు చేసేటప్పుడు చేయి తిప్పుకోవడానికి ఆగిన చోటా ఇదే జరుగుతుంది. ప్లేట్లు కదలకుండా ముందుగా వేసిన చిన్న టాక్ వెల్డుల మీదుగా బీడ్ వెళ్లినప్పుడు కూడా కొద్దిపాటి ఉబ్బు మిగులుతుంది. మీటరు పొడవు గేటు అతుకులో ఇలాంటి తెంపులు ఒక్కటీ లేకపోతే వెల్డింగ్ తెలిసినవాళ్లు దాన్ని నమ్మరు.

చిందులకు వేర్వేరు సైజుల గోళాలు తీసుకుని, సగం ప్లేటులోకి దిగేట్టు, బీడ్‌కు దగ్గరలో ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పలచగా చల్లాలి. టిగ్ వెల్డు పక్కన మాత్రం చిందులు వేయకూడదు. ఆ పద్ధతిలో అవి పడవు.

పైపులు కలిసే చోట

అసలు పరీక్ష పైపు వచ్చి పైపును కలిసే చోట ఎదురవుతుంది. సైకిల్ ఫ్రేము ఇందుకు మంచి ఉదాహరణ. ఒకే వ్యాసం గల రెండు పైపులు లంబంగా కలిశాయనుకుంటే, ప్రధాన పైపు పొడవు వెంట ఉన్న రెండు కొసల దగ్గర గోడల మధ్య కోణం 90 డిగ్రీలు. అక్కడ మామూలు ఫిల్లెట్ పడుతుంది. పక్కలకు వచ్చేకొద్దీ ఆ కోణం తెరుచుకుంటూ 180 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ రెండు గోడలూ ఒకదానికొకటి కొనసాగింపుగా ఉంటాయి, ఫిల్లెట్‌కు చోటే ఉండదు. అంటే ఒకే అతుకు చుట్టూ తిరిగేసరికి ఫిల్లెట్ నుంచి బట్ వెల్డుగా మారి, మళ్లీ ఫిల్లెట్ అవుతుంది.

ఒకే అడ్డకోతను ఈ దారి వెంట నడిపిస్తే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. ఒకవేళ నడిపినా పక్కల్లో బీడ్ గాలిలో తేలుతుంది. మేలైన మార్గం వేరే ఉంది. రెండు పైపులు కలిసే గీతను ఒక్కో పైపు ఉపరితలం మీద లెగ్ పొడవు మేర పక్కకు జరిపి రెండు సరిహద్దు గీతలు గీసుకోవాలి. ఆ రెండింటి మధ్య లాఫ్ట్ లేదా బౌండరీ సర్ఫేస్‌తో కొద్దిగా ఉబ్బిన ఉపరితలం పరిస్తే, కోణం మారినా బీడ్ తనంతట సర్దుకుంటుంది. అలల బిళ్లలను ఆ ఉపరితలానికి లంబంగా ఉండేట్టు ఆ దారి వెంటే పేర్చాలి.

ఎగుడుదిగుడు భ్రమ

ప్రతి అలనూ ఘనాకారంగా గీస్తే ఫైలు బరువెక్కుతుంది. 20 మీటర్ల వెల్డు ఉన్న చట్రంలో 2 మి.మీ. ఎడంతో 10,000 అలలు వస్తాయి. ఒక్కొక్కదానికి కనీసం రెండు మూడు ముఖాలు. చిన్న మార్పు చేసినా కంప్యూటర్ అన్నిటినీ తిరిగి లెక్కించాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు కంప్యూటర్ గ్రాఫిక్స్ నుంచి వచ్చింది. ఉపరితలాన్ని కదిలించకుండా, దాని మీద వెలుగు లెక్కను మాత్రమే మార్చి ముడతలున్నట్టు చూపే బంప్ మ్యాపింగ్‌ను జేమ్స్ బ్లిన్ 1978లో ప్రతిపాదించారు. 1984లో రాబర్ట్ కుక్ ఉపరితలాన్ని నిజంగానే జరిపే డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాపింగ్‌ను పరిచయం చేశారు. ఈ రెంటి తేడా వెల్డు అంచు దగ్గర తెలుస్తుంది. బంప్ వేసిన బీడ్ ఎదుటి నుంచి అలలతో మెరిసినా, పక్క నుంచి చూస్తే ఆకారపు గీత నున్నగానే ఉంటుంది. డిస్‌ప్లేస్‌మెంట్‌లో ఆ గీత కూడా ఎగుడుదిగుడుగా వస్తుంది, కానీ రెండరింగ్‌కు సమయం ఎక్కువ పడుతుంది.

ఈ దారిలో ముందు సరైన అడ్డకోతతో సాదా బీడ్ వేయాలి. దాని మీద అలల బొమ్మ పొడవు వెంట సరిగ్గా పారేట్టు అమర్చాలి. చాలా చోట్ల తేడా వచ్చేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు బొమ్మను పరిస్తే అలలు ఏటవాలుగా, ఒక్కోసారి పొడవునా పడతాయి. ఎదురెదురు వైపుల బీడ్‌లలో నెలవంకలు ఒకే దిక్కు చూడాలన్న నియమం లేదు. ఒకే బీడ్‌లో, రాడ్డు మార్చిన చోట్ల మధ్య, దిశ మారకూడదు.

దూరం నుంచి తీసే చిత్రానికి బంప్ చాలు. బీడ్ చిత్రంలో పెద్ద భాగం ఆక్రమించేటప్పుడు డిస్‌ప్లేస్‌మెంట్ కావాలి. త్రీడీ ప్రింటింగ్‌కు పంపేదైతే ఘనాకారమే దిక్కు.

వేడి వేసే రంగులు

ఆకారం కుదిరినా రంగు కుదరకపోతే వెల్డు ప్లాస్టిక్‌లా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాలిలో వేడెక్కినప్పుడు ఉపరితలం మీద పలచటి ఆక్సైడ్ పొర పెరుగుతుంది. దాని మందాన్ని బట్టి కాంతి తరంగాలు కలిసి రంగులు పుడతాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి పసుపు, ఆపైన గోధుమ, ఊదా, 550 నుంచి 600 డిగ్రీల దగ్గర నీలం వస్తాయి. వేడి బీడ్ దగ్గరే ఎక్కువ కాబట్టి నీలం బీడ్ పక్కన, పసుపు అన్నిటికంటే దూరంగా ఉండాలి. ఈ వరసను తిరగేసిన బొమ్మలు తరచూ కనిపిస్తాయి. ఇంకో సంగతి, ఈ పట్టీలు పడాల్సింది ముఖ్యంగా ప్లేటు మీద. బీడ్‌కు మాత్రమే రంగు పూసి ప్లేటును తెల్లగా వదిలేస్తే అసలుకే మోసం.

టైటానియంలో రంగుకు వేరే అర్థం ఉంది. గ్యాస్ కాపు సరిగ్గా ఉంటే బీడ్ వెండిలా మెరుస్తుంది. గడ్డి రంగు, నీలం కనిపిస్తే గాలి తగిలినట్టు లెక్క, బూడిద రంగుకో తెల్లటి పొడికో తిరిగితే వెల్డు చెడినట్టే. అల్యూమినియంకు ఇలాంటి ఇంద్రధనుస్సు రాదు. ఏసీ టిగ్‌తో చేసిన బీడ్‌కు రెండు వైపులా ఆర్క్ శుభ్రం చేసిన తెల్లటి పట్టీ మిగులుతుంది. మామూలు ఉక్కు మీద నీలి నలుపు, గోధుమ మసి ఉంటాయి, ప్లేటు పైపొర బీడ్ పక్కన కాలిపోయి కనిపిస్తుంది. రెండరింగ్‌లో ఈ పట్టీలను డీకాల్‌గా అతికించి, అంచులు కరిగిపోయేట్టు పెడితే సరిపోతుంది.

లోపం కూడా గీయాలంటే

తనిఖీ శిక్షణ కోసం గీసేటప్పుడు మంచి వెల్డు ఎంత అవసరమో చెడ్డ వెల్డూ అంతే అవసరం. బీడ్ అంచు వెంట ప్లేటు కరిగిపోయి పడే గాడిని అండర్‌కట్ అంటారు. 6 మి.మీ. ప్లేటుకు ఐఎస్ఓ 5817 ప్రకారం దాని లోతు బీ స్థాయిలో 0.3, సీ స్థాయిలో 0.5, డీ స్థాయిలో 1 మి.మీ. దాటకూడదు. 0.3, 0.5, 0.8 మి.మీ. లోతున్న మూడు నమూనాలను పక్కపక్కనే గీసి పెడితే, అంకెల్లో తెలియని తేడా విద్యార్థికి కంటితో తెలుస్తుంది. ప్లేటు మీదికి వాలిన బీడ్, గ్యాస్ రంధ్రాలు, పూడ్చని క్రేటర్ కూడా ఇలాగే కొలతతో గీయదగినవి.

చిన్న నమూనా, పెద్ద లెక్క

ట్యాంకులు, ఓడలు, లారీల చిన్న నమూనాలు తయారుచేసేవాళ్లకు ఉన్నదున్నట్టు తగ్గిస్తే వెల్డే మాయమైపోతుంది. 35వ వంతు నమూనాలో 6 మి.మీ. లెగ్ 0.17 మి.మీ. అవుతుంది, పావు మిల్లీమీటరు అల 0.007 మి.మీ.కు పడిపోతుంది. రెజిన్ ప్రింటర్లు సాధారణంగా వేసే పొర మందమే 0.05 మి.మీ. కాబట్టి అల ఎత్తును, ఎడాన్ని కావాలని పెంచి గీయాలి. పద్ధతి తేడా మాత్రం చెడకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో నిజ్నీ తాగిల్‌కు తరలిన పాటన్ వెల్డింగ్ పరిశోధన సంస్థ సోవియట్ టీ-34 ట్యాంకుల కవచపు ప్లేట్లను సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ యంత్రాలతో అతికించింది. యంత్రం వేసిన ఆ వెడల్పు, నున్నటి అతుకు పక్కనే చేత్తో వేసిన గరుకు అతుకులను వేరుగా చూపితేనే ఆ నమూనాకు విలువ.

బలం లెక్కగట్టే ఇంజినీరుకు మాత్రం ఈ అలలు, చిందులు అన్నీ అడ్డంకి. లోహపు అలసట వల్ల వెల్డు ఎక్కడ పగులుతుందో తేల్చే నాచ్ స్ట్రెస్ పద్ధతిలో, అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ ఐఐడబ్ల్యూ సిఫారసు ప్రకారం, 5 మి.మీ., ఆపై మందం గల ప్లేట్లకు బీడ్ అంచు దగ్గర, మూలలో 1 మి.మీ. వ్యాసార్ధపు గుండ్రం గీసి లెక్క వేస్తారు. అలలు ఉండవు, చిందులు ఉండవు. కంటికి అబద్ధంగా కనిపించే ఆ నమూనాయే లెక్కకు నిజం చెబుతుంది.

ఒకే ఫైలులో రెండు వెల్డులు

ఈ అవసరాలన్నీ ఒకే వస్తువుకు తారసపడవచ్చు కాబట్టి, ఒకే ఫైలులో వేర్వేరు కాన్ఫిగరేషన్లు ఉంచుకోవడం ఉత్తమం. మొదటిది షాపు కోసం: ప్లేట్లు, గుర్తులు, సాదా బీడ్ లెక్కలు. రెండోది చిత్రం కోసం: అలలు, చిందులు, రంగులు. విశ్లేషణ అవసరమైతే నున్నటి గుండ్రాలతో మూడోది. అలల బాడీలను ఒక ఫోల్డర్‌లో చేర్చి, మొదటి కాన్ఫిగరేషన్‌లో ఆపివేస్తే బరువు లెక్కలో బీడ్ రెండుసార్లు చేరదు. ఫ్యాబ్రికేటర్‌కు పంపే స్టెప్ ఫైలులో అలలు వెళ్తే లేజర్ కటింగ్, బెండింగ్ ప్రోగ్రాములు వేల ముఖాలతో తికమకపడతాయి. పంపే ముందు మొదటి కాన్ఫిగరేషన్ తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. కొనుగోలుదారుకు చూపిన బొమ్మలో టిగ్ అలలు ఉండి, డ్రాయింగులో మిగ్ అని రాసి ఉంటే సరుకు చేరిన రోజున గొడవ ఖాయం. అందుకే చిత్రం కోసం గీసే బీడ్‌కు పద్ధతి, లెగ్ కొలత, ఆగిన చోట్లు డ్రాయింగులో ఉన్న వాటినే తీసుకోవాలి.